జోర్జోనె జీవితము: ‘కాపరుల ఆరాధన’ చిత్రకర్తృత్వము

1971వ సంవత్సరము నవంబరు 10వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రముల తపాలాశాఖ క్రిస్మసు పండుగకై ఎనిమిది సెంట్ల తపాలాబిళ్ల నొకదానిని వెలువరించెను. శిశువైన క్రీస్తును గొఱ్ఱెల కాపరులు దర్శించు దృశ్యము దానిపై ముద్రితమైనది. మూలచిత్రము వాషింగ్టను నగరమందలి జాతీయ చిత్రశాలలో నున్నది. దానిని రచించినవాడు వెనిస్ చిత్రకారుడైన జోర్జోనె అని తపాలాశాఖ ప్రకటించినది. ఆ బిళ్లలు సుమారు నూఱు కోట్లు అచ్చయినవి. ఒక చిత్రకారుని రచన ఇన్ని చేతులలోనికి ఒక్క పండుగనాళ్లలో పోయిన సందర్భములు మిక్కిలి అరుదు. అయినను, అంతకు ముప్పది నాలుగేండ్లకు పూర్వము, ఆ చిత్రము జోర్జోనెది అగునా కాదా యను వివాదమువలననే, ఆనాటి చిత్రవర్తకులలో అగ్రగణ్యుడైన ఒకనికిని, చిత్రపరీక్షకులలో అగ్రగణ్యుడైన వేఱొకనికిని మూడు దశాబ్దములకు చేరువయైన సంబంధము తెగిపోయెను. ఆ చిత్రకారుడు బ్రతికిన దినములనుగూర్చి మనకు నిశ్చయముగా దెలిసిన విషయములు ఒక పుటకు మించవు. తెలుగున ప్రాచీన కవుల కాలకర్తృత్వములను విచారించు వారికి ఈ స్థితి క్రొత్తది కాదు.

జోర్జోనె జన్మస్థలము ఇటలీ దేశమున వెనిస్‌కు వాయవ్యముగా నున్న కాస్తెల్‌ఫ్రాంకో అను చిన్న కోటపట్టణము. పుట్టిన సంవత్సరమే మొదటి చిక్కు. ఇటలీ చిత్రకారుల జీవితములను మొట్టమొదట సంపుటీకరించిన వసారి, 1550వ సంవత్సరపు ముద్రణమున 1477 అనియు, 1568వ సంవత్సరపు ద్వితీయ ముద్రణమున 1478 అనియు వ్రాసెను. ఏ యాధారముతో మార్చెనో చెప్పలేదు. లోకము రెండవదానినే గ్రహించి 1978లో కాస్తెల్‌ఫ్రాంకోలో పంచశత జయంతిని విద్వత్సభలతో జరిపినది. అటుపిమ్మట 2017లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయ గ్రంథాలయమున, 1497లో వెనిస్‌లో అచ్చయిన దాంతే కావ్యప్రతి యొకటి పరీక్షింపబడినది. దాని కడపటి పుటలో ఎఱ్ఱ సుద్దతో గీసిన తల్లీబిడ్డల రేఖాచిత్రమును, సమకాలికు డెవడో సిరాతో వ్రాసిన యొక చిన్న లేఖనమును గానవచ్చినవి. కాస్తెల్‌ఫ్రాంకో వాసియైన జోర్జోనె ముప్పదియాఱవ యేట, సెప్టెంబరు 17వ తేదీన, వెనిస్‌లో మహామారివలన మరణించెనని ఆ లేఖనముయొక్క భావము. 2019లో ఇది ప్రకటితమైనది. మరణ సంవత్సరము 1510 అని ఇతర పత్రములచే సిద్ధమే గనుక, ఈ లెక్కను నమ్మినచో జననము 1473-74 ప్రాంతమగును. జయంతి జరిపినవారు నాలుగైదేండ్లు ఆలస్యము చేసిరన్నమాట. తాళపత్రముల చివర లేఖకులు వ్రాసిన గద్యలవలన కవుల కాలములు మాఱిన యుదంతములు మన వాఙ్మయమునను కలవు. అట్టి లేఖనములను అంచున నున్నవని త్రోసివేయరాదు.

జోర్జోనె యనునది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. వెనిస్ పత్రములలో నతడు జోర్జి లేక జోర్జో. పెద్ద జోర్జి అను నర్థమున జోర్జోనె యని పిలువబడెను. దేహము గొప్పదగుటచేతను, మనస్సు గొప్పదగుటచేతను ఆ పేరు వచ్చినదని వసారి వ్యాఖ్యానము. వసారి చెప్పినదానినిబట్టి యతడు సామాన్య కుటుంబమున బుట్టి, వెనిస్‌లో పెరిగి, మర్యాద నెఱిగిన ప్రవర్తనము గలవాడై, వీణవంటిదగు ల్యూట్ వాద్యమును చక్కగా వాయించుచు పాడుచు, శ్రీమంతుల గోష్ఠులకు ఆహ్వానితు డగుచుండెను. ప్రేమవ్యవహారములయం దాసక్తి గలవాడనియు, ఒక స్త్రీవలన వ్యాధి సోకి మరణించెననియు కూడ వసారి చెప్పుచున్నాడు. వసారి వెనిస్‌కు మొదట వచ్చినది 1541వ సంవత్సరాంతమున, అనగా చిత్రకారుడు గతించి ముప్పదియొక యేండ్లైన తరువాత. అతడు విన్నది జనశ్రుతి. శ్రీనాథుని చాటువులనుండి శ్రీనాథుని జీవితమును కల్పించిన తీరునకును దీనికిని దూర మెక్కువ లేదు. గానమును, ప్రణయమును, అకాలమరణమును కలిసినచో కథ తనంతట తానే పెరుగును.

గురువు జోవాన్ని బెల్లీని యని సంప్రదాయము. వెనిస్ చిత్రకళకు ఆ కాలమున బెల్లీని పెద్దదిక్కు. మేరీమాతయు శిశువును గల చిత్రములను గంభీరమైన శాంతముతో, వెనుక ప్రకృతిదృశ్యము నుంచి రచించుటలో నతడు అందెవేసిన చేయి. శిష్యుడు గురువునుండి గ్రహించినది ఆ ప్రకృతిని. తాను చేర్చినది దానికి ప్రాధాన్యము. అంతవఱకు దేవతామూర్తుల వెనుక తెరవలె నుండిన కొండలు, చెట్లు, నీరు, ఆకాశము జోర్జోనె చేతిలో మూర్తులతో సమానమైన పాత్రలైనవి. ఫ్లోరెన్సు చిత్రకారులు మొదట రేఖను సిద్ధము చేసికొని పిదప వర్ణము నింపుచుండగా, జోర్జోనె ముందుగా కాగితముపై రేఖాచిత్రము వ్రాసికొనక నేరుగా వర్ణముతోనే రూపమును నిర్మించెనని వసారి యాక్షేపణ. ఫ్లోరెన్సు పక్షపాతియైన వసారికి ఇది దోషము. తరువాతి నాలుగు శతాబ్దముల చిత్రకారులకు ఇదియే మార్గమైనది.

అతని జీవితములో తేదీతో నిలిచిన ప్రథమ సాక్ష్యము ఇప్పుడు వియన్నా చిత్రశాలలో నున్న యొక స్త్రీమూర్తి చిత్రము. లారెల్ కొమ్మల ముందు నిలిచిన ఆ యువతిని లారా యని పిలుచుట వాడుక. పలకవెనుక ప్రాచీనమైన యొక లిపిలో, 1506 జూన్ 1వ తేదీన, కాస్తెల్‌ఫ్రాంకో జోర్జి దీనిని రచించెననియు, అతడు వించెంజో కాతెనా యను చిత్రకారునకు సహవ్యవసాయి యనియు వ్రాయబడి యున్నది. దానికి ముందటిదిగా భావింపబడుచున్నది కాస్తెల్‌ఫ్రాంకో ప్రధానాలయమందలి బలిపీఠ చిత్రము. తుజియో కొస్తాంజో అను సేనానాయకుడు 1504లో మరణించిన తన కుమారుడు మత్తేయోకు స్మారకముగా దీనిని చేయించెనని పలువురి యభిప్రాయము. ఎత్తైన సింహాసనముపై మేరీమాత, ఇరువైపుల ఇద్దఱు సాధువులు, వెనుక నిశ్శబ్దమైన పల్లెభూమి. ఆ చిత్రము నేటికిని ఆ యూరనే యున్నది.

1507, 1508 సంవత్సరములలో వెనిస్ ప్రభుత్వము అధినాయకుని భవనములోని సభామందిరమునకు ఒక చిత్రము వ్రాయించి యాతనికి ద్రవ్యమిచ్చినట్లు లెక్కలున్నవి. చిత్రము మాత్రము నశించెను. అంతకంటె ప్రసిద్ధమైనది జర్మను వర్తకుల వాణిజ్యభవనము. 1505లో కాలిపోయిన ఆ భవనమును తిరిగి కట్టినపుడు, కాలువవైపు గోడపై కుడ్యచిత్రములు వ్రాయుటకు జోర్జోనెను, వీథివైపు గోడపై వ్రాయుటకు యువకుడైన టిషియన్‌ను నియమించిరి. 1508 నవంబరు, డిసెంబరు నెలలలో వేతనమునుగూర్చి తగవు వచ్చినది. కార్పాచ్చో మొదలైన చిత్రకారులు మూవురు మధ్యవర్తులై దాని విలువను నూటయేబది దుకాతులుగా నిర్ణయించిరి. చిత్రకారుడు తుదకు నూటముప్పదికి సమ్మతించెను. ఆ గోడలమీది మూర్తుల యర్థమేమో తనకు తెలియలేదనియు, అడిగిన వారెవరును చెప్పలేకపోయిరనియు వసారి యొప్పుకొనెను. ఈ సందర్భముననే యొక కథ పుట్టినది. టిషియన్ వ్రాసిన వీథివైపు చిత్రమును చూచినవారు అది జోర్జోనెదే యనుకొని, కాలువవైపు దానికంటె నిది మేలుగా నున్నదని యతనినే యభినందించిరట. అందువలన నతడు కొన్ని దినములు ఇల్లు వెడలకుండెనట. కథ నిజమో కాదో గాని, శిష్యుని రచన గురువున కారోపింపబడుట ఆతడు జీవించియుండగనే మొదలైనదని యది తెలుపుచున్నది. సముద్రపు గాలికి జోర్జోనె కుడ్యచిత్రము లన్నియు నశించి, వెలిసిపోయిన యొక నగ్నమూర్తి శకలము మాత్రము వెనిస్‌లో మిగిలియున్నది.

ఆ యేండ్లు వెనిస్‌కు కష్టకాలము. పోర్చుగీసువారు సముద్రమార్గమున హిందూదేశము చేరుటవలన మిరియాల వాణిజ్యమునకు దెబ్బ తగిలెను. 1509లో, విజయనగరమున శ్రీకృష్ణదేవరాయలు సింహాసన మెక్కిన సంవత్సరముననే, ఐరోపా రాజులు కూటమి గట్టి అన్యాదెల్లో యుద్ధమున వెనిస్ సేనను ఓడించిరి. మఱుసటి యేడు పోర్చుగీసువారు గోవాను గైకొనిరి. వెనిస్‌లో మహామారి చెలరేగినది. జోర్జోనె నగరములోని తన యింట గాక, వ్యాధిగ్రస్తుల నుంచు ద్వీపమగు లజారెత్తో నువోవోలో మరణించెనని 2011లో ప్రకటింపబడిన యొక న్యాయస్థాన పత్రమువలన దెలిసినది. అతడు విడిచిన సొత్తుయొక్క పట్టిక యందున్నది. అది మిక్కిలి స్వల్పము. శ్రీమంతుల గోష్ఠులలో వీణ వాయించిన సుకుమారునిగా వసారి చిత్రించిన వ్యక్తికిని, ఆ పట్టికలోని గృహస్థునకును పొంతన కుదురుట కష్టము.

ఇక ప్రకృతము. మాంతువా రాజ్యపు రాణియైన ఇజబెల్లా దెస్తె చిత్రసేకరణమునం దత్యాసక్తి గలది. 1510 అక్టోబరు 25వ తేదీన నామె వెనిస్‌లోని తన ప్రతినిధియైన తద్దేయో అల్బానోకు లేఖ వ్రాసెను. కాస్తెల్‌ఫ్రాంకో జోర్జి విడిచిన వస్తువులలో రాత్రి యని పిలువబడు చిత్రమొకటి మిక్కిలి సుందరముగా నున్నదని వింటిననియు, ఇతరులు కొనకముందే చూచి, బాగున్నచో బేరమాడి తనకై కొనవలసినదనియు దాని సారాంశము. నవంబరు నెలలో వచ్చిన యుత్తరము చిత్రకళాచరిత్రమున కొక యమూల్య సాధనము. చిత్రకారుడు కొన్ని దినముల క్రిందట మహామారివలన గతించెను. అతని సొత్తులో అట్టి చిత్రము లేదు. తద్దేయో కొంతారీని కొకటియు, విత్తోరియో బెకారో కొకటియు వ్రాసి యిచ్చిన మాట నిజము. మొదటిది రాణిగారు కోరునంత పరిపూర్ణము కాదని విన్నాము. రెండవది కూర్పునను, ముగింపునను మేలైనది. అయితే ఇరువురును తమ యానందముకొఱకు చేయించుకొన్నవారు గనుక ఎంత వెల యిచ్చినను అమ్మరు. ఇదియే అల్బానో తెలిపిన విషయము. చితిమంటలు చల్లారకముందే మొదలైన ఈ వెలల విచారణ చదువరికి మనస్తాపము కలిగింపక మానదు. అయినను, జోర్జోనె ఏమి రచించెనో అతడు గతించిన రెండు మాసములలోపల వ్రాయబడిన సాక్ష్యము మనకు మఱొకటి లేదు.

రాత్రి యనగా నేమి? క్రీస్తు రాత్రివేళ జనించెనని క్రైస్తవ సంప్రదాయము. కనుక ఆ కాలపు ఇటాలియను వాడుకలో రాత్రి యనునది క్రీస్తుజనన చిత్రమునకు పర్యాయ మనియు, ఉత్తరమున బేర్కొనబడిన రెండు చిత్రములును కాపరుల యారాధనకు సంబంధించినవే యనియు అనేకులు తలంచిరి. ఇందుకు తోడ్పడు విశేష మొకటి కలదు. కాపరుల యారాధన చిత్రము నేడు రెండు ప్రతులుగా లభించుచున్నది. ఒకటి వాషింగ్టనులోనిది. రెండవది, కూర్పున ఒకటియే యైనను ముగింపున కొంత కొఱవడినట్లు కనబడునది, వియన్నాలో నున్నది. ఒకటి పరిపూర్ణము, మఱొకటి అంత పరిపూర్ణము కాదు. అల్బానో మాటతో చక్కగా సరిపోవుచున్నది. సరిపోవుట మాత్రము నిరూపణము కాదు. 1525లో కొంతారీని యింట చిత్రములను చూచి పట్టిక వ్రాసిన మికియెల్ అను వెనిస్ ప్రభువు అచ్చట ముగ్గురు తత్త్వవేత్తల చిత్రమును పేర్కొనెను, పారిస్ జన్మచిత్రమును పేర్కొనెను, రాత్రిని మాత్రము పేర్కొనలేదు. మఱియు వాషింగ్టను చిత్రములో నున్నది రాత్రి కాదు, కాంతివంతమైన ఉదయము. ఈ రెండు ప్రతికూలాంశములను పూర్వపక్షముగా నుంచవలసినదే గాని కప్పిపుచ్చరాదు. శబ్దముయొక్క వాచ్యార్థమును బట్టి పోయినవారు చంద్రోదయముతోనో, అగ్నిజ్వాలలతోనో కూడిన నిజమైన రాత్రిదృశ్యమును వెదకిరి. రూఢ్యర్థమును గ్రహించినవారు వాషింగ్టను చిత్రమున కాగిరి. రూఢియే యోగముకంటె బలీయమను న్యాయము ఇచ్చట ఎంతవఱకు చెల్లునో పండితులు నిర్ణయింపవలసియున్నది.

చిత్రము కొయ్యపలకపై తైలవర్ణములతో రచింపబడినది. ఎత్తు తొంబది సెంటిమీటర్లు, వెడల్పు నూటపది సెంటిమీటర్లు. అనగా గుడిగోడ కొఱకు గాక ఇంటిలో నుంచుకొనుటకు జేసినది. కుడివైపు నల్లని కొండగుహ. దానిముందు నేలపై పఱచిన బట్టమీద శిశువు. మేరీయు జోసెఫును మోకరిల్లియున్నారు. గుహలోని చీకటిలో ఎద్దును గాడిదయు లీలగా గానవచ్చును. గుహద్వారముపై దేవదూతల శిరస్సులు గాలిలో తేలుచున్నవి. నడుమ ఇద్దఱు కాపరులు చినిగిన బట్టలతో వచ్చియున్నారు. ఒకడు మోకాళ్లపై వ్రాలినాడు. రెండవవాడు వంగుటకు సిద్ధమై యింకను నిలువబడియున్నాడు. ఎడమవైపు సగము ఆకాశము, చెట్లు, నీటికాలువ, ఇండ్లు, దూరపు కొండలు. అచ్చట మిక్కిలి దూరమున, చూపు నిలిపిననే గాని కనబడని పరిమాణములో, దేవదూత కాపరులకు శుభవార్త నెఱిగించు పూర్వకథ చిత్రింపబడినది. చిత్రముయొక్క మర్మమెల్ల ఆ నిలుచున్న కాపరిలో నున్నది. బంగరు కాంతిగల లోకమునుండి వాడు చీకటిగుహయెదుటికి వచ్చినాడు. సాధారణముగా నిట్టి చిత్రములలో దైవము వెలుగులోను మానవుడు నీడలోను నుండును. ఇందు వెలుగు పల్లెది, చీకటి గుహది. ఈ విపర్యాసమును గమనించినవానికి కర్త సామాన్యుడు కాడని తోచును. అట్లు తోచినంతమాత్రమున వాడు జోర్జోనె యగునా యన్నదే ప్రశ్న.

చిత్రముయొక్క ప్రయాణము పందొమ్మిదవ శతాబ్దమునుండి స్పష్టము. నెపోలియను చక్రవర్తి మేనమామయైన కార్డినల్ ఫెష్ రోమునగర సేకరణలో నది యుండెను. ఆ శతాబ్దము నడుమ ఇంగ్లండులోని బోమాంట్ వంశీయుల కడకు చేరెను. ఆ వంశమువారే తరువాత అల్లెన్‌డేల్ ప్రభువులైరి. అందుచేతనే చిత్రమునకు అల్లెన్‌డేల్ జననచిత్రమని మాఱుపేరు. క్రో, కవల్కసెల్లె యను నిద్దఱు చరిత్రకారులు 1871లో దీనిని జోర్జోనె రచనగా నంగీకరించిరి. బెర్నార్డ్ బెరెన్సన్ మొదట కాతెనాకును, పిమ్మట యౌవనమందలి టిషియన్‌కును ఆరోపించెను. ఇట్లుండగా 1937లో లార్డ్ డువీన్ అను వర్తకుడు అల్లెన్‌డేల్ ప్రభువునుండి చిత్రమును కొనెను. ఆతడు విక్రయించు ఇటాలియను చిత్రములకు కర్తృత్వపత్రము లిచ్చి, లాభములలో భాగము గైకొనుచుండిన పరీక్షకుడు బెరెన్సన్. అమెరికా ధనికుడు శామ్యూల్ క్రెస్ జోర్జోనె చిత్రమును కోరుచుండెను. టిషియన్ చిత్రములు అనేకములు కలవు. జోర్జోనె చిత్రములు వ్రేళ్ల లెక్కింపదగినవి. కనుక ఆ యొక్క పేరుపై వెలలో గొప్ప భేదము వచ్చును. బెరెన్సన్ తన యభిప్రాయమును మార్చుకొనలేదు. సంబంధము తెగిపోయెను. డువీన్ ఇతర పండితుల సమ్మతితో 1938లో చిత్రమును జోర్జోనెదిగా క్రెస్‌కు విక్రయించెను. క్రెస్ దానిని క్రొత్తగా నిర్మింపబడుచున్న జాతీయ చిత్రశాలకు 1939లో సమర్పించెను. డువీన్ ఆ సంవత్సరముననే మరణించెను.

బెరెన్సన్ పక్షమున నొక మాట చెప్పవలసియున్నది. లాభములో భాగము గల పరీక్షకుడు లాభమునకు వ్యతిరేకముగా మాటాడిన సందర్భమిది. ఈ యొక్క విషయమున నాతని నిజాయితీని సందేహింపబనిలేదు. అయినను నిజాయితీ వేఱు, నిర్ణయము వేఱు. వృద్ధాప్యమున బెరెన్సనే తన పట్టికలో ఈ చిత్రమున జోర్జోనె చేయి కొంత యున్నదని యంగీకరించెను. నేడు అధికసంఖ్యాకులు జోర్జోనె పక్షమువారే. టిషియన్ వాదులు నేటికిని లేకపోలేదు.

ఈ సందిగ్ధమునకు మూలము జోర్జోనె పనిచేసిన రీతిలోనే యున్నది. అతడు చిత్రములపై సంతకము చేయువాడు కాడు. అసంపూర్ణముగా విడిచిన వానిని సహచరులు పూర్తిచేసిరి. నిద్రించు వీనస్ చిత్రములో ప్రకృతిదృశ్యమును, మన్మథుని మూర్తిని టిషియన్ పూర్తిచేసెననియు, ముగ్గురు తత్త్వవేత్తల చిత్రమును సెబాస్తియానో ముగించెననియు మికియెల్ వ్రాసినాడు. డ్రెస్డెను నగరమున నున్న ఆ వీనస్‌ను పందొమ్మిదవ శతాబ్దమున మొరెల్లి గుర్తించువఱకు, అది టిషియన్ మూలమునకు తరువాతి కాలపు నకలుగా పట్టికలలో నణగియుండెను. వసారియు స్థిరముగా లేడు. సిలువ మోయు క్రీస్తుయొక్క చిత్రమొకదానిని 1550లో జోర్జోనెదని చెప్పి, 1568లో టిషియన్ జీవితమున, పలువురు దీనిని జోర్జోనెదని భ్రమించిరని వ్రాసెను. తన గ్రంథములోనే రెండు చోట్ల రెండు మతములు. మన భారతమున నన్నయ యరణ్యపర్వమును నడుమ విడువగా, ఎఱ్ఱన శేషమును పూరించి, నన్నయ రచనగనే రాజరాజునకు అంకితము గావించెను. ఎఱ్ఱన స్వయముగా చెప్పకున్నచో, అతుకు కనబడని ఆ చోటును శైలినిబట్టి మాత్రమే నిర్ణయింపగలుగుట సులభమా? క్రీడాభిరామము వల్లభరాయనిదా శ్రీనాథునిదా యను చర్చలో శైలీసామ్యమును ప్రమాణముగా గొనినవారును, గ్రంథస్థమైన పేరును ప్రమాణముగా గొనినవారును ఎదురెదురుగా నిలిచిరి. అల్లెన్‌డేల్ చిత్రమునకు గ్రంథస్థమైన పేరు లేదు. శైలి యొక్కటియే శరణము. ఆ శైలిని నిర్ణయించుటకు ఆధారమైన నిశ్చిత రచనలు ఐదాఱుకు మించవు. అల్లెన్‌డేల్ చిత్రమును చేర్చుకొన్నచో జోర్జోనె శైలి యొకవిధముగను, తొలగించినచో వేఱొకవిధముగను కనబడును. ఏది సాధ్యమో అదియే సాధనమగుచున్నది. ఈ చక్రకదోషమును తప్పించుకొనుటకు విద్వాంసులు రసాయనిక పరీక్షలను, క్ష-కిరణములను ఆశ్రయించిరి. తుపాను అను ప్రసిద్ధ చిత్రమున, ఎడమవైపు యువకుడు నిలుచున్న చోట మొదట నగ్నస్త్రీమూర్తి యుండెనని 1939లో క్ష-కిరణములవలన దెలిసెను. చిత్రకారుడు పనిచేయుచునే కథను మార్చుకొనువాడని దానివలన గ్రహింపవచ్చును. వసారి యాక్షేపించిన గుణమే ఇచ్చట సాక్ష్యమైనది.

తపాలాబిళ్లలపై పునరుజ్జీవనకాలపు జననచిత్రములను ముద్రించు నాచారము ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వ్యాపించినది. న్యూజీలండు 1960 నవంబరు 1వ తేదీన తన మొదటి క్రిస్మసు బిళ్లపై రెంబ్రాంట్ రచించిన కాపరుల యారాధనను, 1961లో డ్యూరరు రచించిన జ్ఞానుల యారాధనను ముద్రించెను. అమెరికాలో 1962 నాటి మొదటి క్రిస్మసు బిళ్లపై ఆకులదండయు దీపములును మాత్రమే యుండెను. 1966లో మెమ్‌లింగ్ చిత్రమునుండి మేరీమాతను గ్రహించినపుడు, మతముతో సంబంధము లేని ప్రభుత్వము ఇట్లు చేయదగునా యని కొందఱు తీవ్రముగా నిరసించిరి. ప్రభుత్వము చిత్రశాలలోని కళాఖండమను సమాధానముతో ఆ మార్గముననే నడచెను. 1968లో వాన్ ఐక్, 1970లో లోరెంజో లొత్తో, 1971లో జోర్జోనె. ఆ సంవత్సరము జోర్జోనె బిళ్లకు జోడుగా, మతేతరమైనదిగా, పియర్‌చెట్టుపై కూర్చున్న తిత్తిరిపక్షి బిళ్లయు వెలువడినది. భారత తపాలాశాఖయు 1975లో మైకలాంజెలో పంచశత జయంతికి సిస్టైన్ ఆలయపు కప్పుమీది సృష్టిచిత్రములను యేబది పైసల బిళ్లలపై ముద్రించినది.

ఐరోపా ధార్మిక చిత్రములు మన దేశమునకు చిన్న యచ్చుకాగితములుగా వచ్చుట అప్పుడు క్రొత్త కాదు. 1580లో ఫతేపూర్ సిక్రీ చేరిన జెసూట్ గురువులు, ఆంట్‌వెర్ప్ నగరమున ప్లాంతిన్ అచ్చొత్తించిన బహుభాషా బైబిలును అక్బరు పాదుషాకు సమర్పించిరి. అందలి నల్లని గీతల చిత్రములనుండి మొగలు చిత్రకారులు మేరీమాతను, దేవదూతలను తమ వర్ణములతో పునఃసృష్టించిరి. మూలమున వర్ణమేదియో వారెఱుగరు. ఎఱుగకపోవుట వారికి మేలే చేసినది. తపాలాబిళ్ల విషయము దీనికి భిన్నము. ఇందు వర్ణమున్నది, పరిమాణము లేదు. మీటరుకు మించిన వెడల్పుగల చిత్రమును రెండు వ్రేళ్ల నడుమ నిముడునంతగా కుదించినపుడు మూర్తులు నిలుచును, దూరము నశించును. పైన జెప్పిన, కాపరులకు శుభవార్త వినబడు ఆ మాఱుమూల దృశ్యము అట్టి పరిమాణమున కంటికి దొరకదు. జోర్జోనె శైలికి ప్రాణమని విద్వాంసులు వాదించునది సరిగా ఆ దూరమే. కర్తయొక్క పేరును కోట్ల ప్రతులలో స్థిరపఱచిన ఆ ముద్రణము, ఆ పేరునకు సాక్ష్యమైన భాగమును చూపజాలకపోయినది.

కాస్తెల్‌ఫ్రాంకో నుండి వచ్చిన జోర్జి తన చిత్రమును ఎవరికొఱకు వ్రాసెనో, కొంతారీనికో బెకారోకో, నిశ్చయింపగల పత్రము ఇంతవఱకు వెలువడలేదు. బెకారో ఆ దినములలో నగరమున లేడనియు, అందుచేత చిత్రమును చూడ వీలుపడలేదనియు అల్బానో రాణికి నివేదించెను. ఆ యింటి వస్తువుల పట్టిక యెచ్చటనైన దొరకునేమోయని వెనిస్ దస్తావేజులలో వెదకుచున్నవారు నేటికిని కలరు.